అడ్డాకులో వచ్చిన వాటా

గ్రంథాలయ శాస్త్రం చదివి కొత్తగా కాలేజీల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, మా లైబ్రరీలో గ్రూప్ స్టడీకి గది కడుతున్నారు. బల్లలకి చక్రాలు పెట్టించాలా? గోడలకి అద్దాలు పెట్టించాలా?" అని అడుగుతారు. చక్రాల బల్ల మీద నాకు నమ్మకం లేదు. బల్ల అన్నాక ఒక చోట నిలబడాలి. ఆ మాట చెబితే వాళ్ళు మర్యాదగా "అలాగే సార్" అని ఫోన్ పెట్టేస్తారు. నేను చెప్పింది చెయ్యరని నాకు తెలుసు.

అయినా ఒక తరగతి మొత్తాన్ని లైబ్రరీలోకి ఎలా రానివ్వాలి, వచ్చాక ఏం చెయ్యనివ్వాలి అన్నది నాకు కొంత తెలుసు. అది నాకు ఏ శిక్షణ తరగతిలోనూ నేర్పలేదు. నేర్పినవాళ్ళు నా దగ్గర పుస్తకాలు తీసుకునే పిల్లలు. గురువులను అంత తేలిగ్గా ఒప్పుకునే వంశంలో నేను పుట్టలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

నేను పనిచేసింది అరకు దాటి ఒడిశా వైపు వెళ్ళే దారిలో, ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో. మైదానానికి బదిలీ అడుక్కోమని స్నేహితులు చెప్పేవారు. అడగటం మా ఇంట్లో అలవాటు లేదు. మా తాతగారు కొండ దిగువన చిన్న జమీందారు. మా నాన్నగారి కాలానికి ఊళ్ళు పోయాయి, ఆ తర్వాత తోటలు కోర్టుల పాలయ్యాయి. నా వంతుకు వచ్చేసరికి దివాణం అనే పేరు, కురిసే మేడ, అందులో ఒక పొడవాటి టేకు బల్ల మిగిలాయి. మేడ కూడా చేతులు మారాక ఆ బల్ల నా క్వార్టర్స్ గుమ్మంలో పట్టలేదు. కాఫీ గింజల కోసం ఖాళీగా పైకి పోతున్న లారీలో ఘాట్ ఎక్కించి, కాలేజీ లైబ్రరీకి ఇచ్చేశాను. ఊరికే ఇవ్వలేదు. దాని మీద ఎవరూ కూర్చోకూడదు, మోచేతులు ఆనించి కునుకు తియ్యకూడదు, దాన్ని అంగుళం కూడా జరపకూడదు అని అప్పటి ప్రిన్సిపాల్ దగ్గర మాట తీసుకుని ఇచ్చాను.

పిల్లలు నన్ను నా వెనక 'దివాణం సారు' అనేవాళ్ళు. విననట్టు ఉండేవాణ్ణి. వింటే కోప్పడాలి. కోప్పడటానికి ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు.

లైబ్రరీకి ఒక అటెండరు ఉండేవాడు. వాళ్ళ నాన్న మా దివాణంలో గుర్రాల దగ్గర పనిచేశాడట. గుర్రాలు పోయాయి, దివాణం పోయింది, ఇతను మాత్రం నన్ను 'బాబుగారూ' అనే పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో అన్నేళ్ళు కలిసి పనిచేసి కూడా నేను తేల్చుకోలేకపోయాను.

మా హాల్లో 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాల బోర్డు ఉండేది. దాన్ని నేను అక్షరాలా అమలు చేశాను. కాగితం తిరగేసిన చప్పుడు వినిపిస్తే తలెత్తి చూసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ చప్పుడు కూడా తగ్గింది, ఎందుకంటే మనుషులు రావడం తగ్గింది. "మీ లైబ్రరీ ఎంత శుభ్రంగా ఉంటుందండీ, ఎవరూ ముట్టుకున్నట్టే ఉండదు" అని ప్రిన్సిపాల్ గారు అంటే ఆయన మెచ్చుకున్నారనే అనుకున్నాను.

అలాంటి చోటికి చరిత్ర చెప్పడానికి ఒక కాంట్రాక్టు లెక్చరరమ్మాయి వచ్చింది. ముంచింగిపుట్టుకు అవతల ఒక కొండ ఊరి పిల్ల. మా కాలేజీలోనే చదివి, పైచదువుకు విశాఖ వెళ్ళి, తిరిగొచ్చింది. మొదటి రోజే హాల్లోకి వచ్చి నా ముందు నిలబడింది.

"సార్, నన్ను గుర్తుపట్టారా? నవ్వేనని నన్ను ఇక్కడ్నించి బయటికి పంపీశారు."

"ఎందుకు నవ్వావు?"

"అది మర్చిపోయాను సార్. పంపింది మాత్రం మర్చిపోలేదు," అంది, మళ్ళీ నవ్వుతూ.

ఆమె ఇప్పుడు లెక్చరరు కాబట్టి ఈసారి పంపడానికి వీల్లేకపోయింది.

ఆ ఏడాది ప్రిన్సిపాల్ గారు మమ్మల్నిద్దర్నీ తన గదికి పిలిచారు. ఆయన మంచివారే. కాకపోతే పైనుంచి ఏ కబురొచ్చినా ముందు శాలువా కప్పుకునేవారు. ఆ రోజు శాలువా కప్పుకునే ఉన్నారు. చరిత్ర గ్రూపులో ముందు పరీక్షలో చాలామంది తప్పారు. వేసవి సెలవుల లోపల పైనుంచి ఒక కమిటీ వస్తుంది. గ్రూపు ఇక్కడ ఉంచాలో, ఎత్తేసి పిల్లల్ని కింద కాలేజీకి పంపాలో ఆ కమిటీ చూసి రాస్తుంది.

"కింద కాలేజీలో వసతులు బాగానే ఉంటాయి కదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఉంటాయి సార్. మా ఊళ్ళ గుంట పిల్లలు మాత్రం అక్కడ ఉండరు," అంది ఆమె. "ఇక్కడ మూసేస్తే కిందకెళ్ళరు, ఇంటికెళ్తారు. తర్వాత వాళ్ళని ఏ కమిటీ వెతకదు."

తన ఉద్యోగం కూడా గ్రూపుతో పాటే పోతుందన్న సంగతి ఆమె ఎత్తలేదు. అది నాకు నచ్చింది. మా ఇంట్లో కూడా అలాంటివి ఎత్తేవారు కాదు.

చిక్కు ఎక్కడుందంటే, సిలబస్ కొత్తగా మారింది. దానికి సరిపోయే తెలుగు పాఠ్యపుస్తకం లైబ్రరీలో ఒకే ఒక్క ప్రతి ఉంది. మిగతావి ఘాట్ ఎక్కి రావాలి, ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఆ ఒక్కటీ రిఫరెన్సు పుస్తకం, గడప దాటడానికి వీల్లేదు. పుస్తకం మొత్తాన్ని జిరాక్స్ తియ్యడానికి నేను ఒప్పుకోను. ఇవన్నీ నేను పెట్టుకున్న నియమాలే. చేత్తో పెట్టిన నియమాలను చేత్తో తీసెయ్యడం నాకు చేతకాదు.

"అయితే పుస్తకం బయటికి రాకపోతే క్లాసే లోపలికొస్తాది సార్," అంది. "వారానికొకసారి అందర్నీ తీసుకొస్తాను. ఒక పూట ఇవ్వండి."

శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చాను. శుక్రవారం మా ఊళ్ళో సంత. సంత రోజు కాలేజీలో గోడలు తప్ప ఎవరూ ఉండరు. నా ఎత్తు ఆమెకు తెలిసే ఉంటుంది. అయినా "మంచిది సార్" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం వచ్చారు. అందరూ వచ్చారు. సంతకు ఎలాగూ ఊళ్ళ నుంచి దిగుతారు కాబట్టి మిగతా రోజుల్లో రానివాళ్ళు కూడా వచ్చారట. ఆ లెక్క నేను వెయ్యలేదు. బుట్టలు, రాగుల మూటలు, పసుపు కొమ్ముల సంచులు గుమ్మం బయట వరసగా పెట్టి లోపలికొచ్చారు. ఒక బుట్టలో కాళ్ళు కట్టేసిన కోడిపుంజు ఉంది. 'నిశ్శబ్దం' బోర్డుకు సరిగ్గా కింద కూర్చుని అది తీరిగ్గా కూసింది.

"బాబుగారూ, దాన్ని కూడా బయటికి పంపీమంటారా?" అన్నాడు అటెండరు.

"అది బయటే ఉంది," అన్నాను.

లోపల ఇంకా ఘోరంగా ఉంది. ఒక పిల్ల పుస్తకం తెరిచి ఒక వాక్యం పైకి చదువుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ వాక్యాన్ని తమ భాషలో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒకరు ఆదివాసీ ఒడియాలో, ఒకరు కువిలో. అర్థం దగ్గర గొడవ పడతారు. తేలాక మళ్ళీ తెలుగులో అంటారు. అప్పుడు రెండో వాక్యం. నేను లేచి వెళ్ళి బోర్డు చూపించాను.

చదువుతున్న పిల్ల తల ఎత్తింది. ఆ క్లాసుకు పెద్దలాంటి పిల్ల. చెవులకు సన్నని రింగులు, కళ్ళలో బెదురన్నది లేదు.

"మాట్లాడకుండా చదివితే ఏటి గుర్తుంటాది సార్?" అని అడిగింది. తగువుకు అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "వరండాలోకి వెళ్ళి చదవండి" అన్నాను. అంటే ఆ రిఫరెన్సు పుస్తకం గడప దాటింది. గడప మీద కుర్చీ వేసుకుని నేను కాపలా కూర్చున్నాను.

వరండాలో వాన జల్లు కొట్టింది. లోపలికి రానిచ్చి దూరపు మూల చూపించాను. మూలన వెలుతురు లేదు. చివరికి మిగిలింది బల్ల ఒక్కటే. దాని చుట్టూ కూర్చోమనడానికి నాకు నోరు రాలేదు. లెక్చరరమ్మాయి వచ్చి బల్ల అంచు మీద చెయ్యి వేసింది.

"సార్, ఈ బల్ల లారీ దిగినప్పుడు హాల్లోకి మోసింది మా బ్యాచే. నాకు ఎడమ వైపు కాలు వచ్చింది. భుజం వాచిపోయింది. నేను మోసిన బల్ల మీద ఒకసారి మోచెయ్యి ఆనించుకోకూడదా?"

ఆమె అడిగింది మోచేతి కోసం. నేను ఒప్పుకున్నాక ఆ బల్ల మీద అరవై మోచేతులు వాలాయి. అది నెమ్మదిగా నల్లబడటం మొదలుపెట్టింది. తాతగారు దాన్ని నెలకోసారి నూనెతో తుడిపించేవారు. ఇప్పుడు ఆ నూనె ఖర్చు తప్పింది అన్నాడు అటెండరు.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఒక పుస్తకం చుట్టూ అంతమంది కూర్చుంటే వెనక వరసకు వినపడదు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, పుస్తకం సగం కూడా కాలేదు. ఆ అమ్మాయి మొహంలో నవ్వు తగ్గింది. చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. కొండ ఊళ్ళల్లో అది వేట పండగ, ఆ నాలుగు రోజులూ ఎవరూ ఎక్కడికీ కదలరు. పండగ అయ్యాక ఒక ఉదయం నేను హాలు తెరిచేసరికి నా రాతబల్ల మీద ఒక అడ్డాకు విస్తరి ఉంది.

అడ్డాకు తెలియనివాళ్ళకు చెబుతాను. కొండల్లో పాకే తీగ ఆకు, అరచేయి కన్నా వెడల్పు. కొండ మీద భోజనాలకు ఈ ఆకులే కుడతారు. ఆ విస్తరిలో తిండి లేదు. పుస్తకం కాగితాలు కొన్ని ఉన్నాయి. మధ్యలోంచి తీసిన కాగితాలు, ముందు అట్ట లేదు, వెనక అట్ట లేదు. గుర్తుపట్టాను. అది మా ఏకైక రిఫరెన్సు పుస్తకం. దాని చివరి భాగం.

మిగతాది వెతికాను. బీరువాలో అట్ట మాత్రం ఉంది, వలిచిన పండు తొక్కలాగా. హాలుకూ బీరువాకూ రెండో తాళంచెవులు అటెండరు దగ్గర ఉండేవి.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పుస్తకంలోంచి కాగితం చించినవాళ్ళను పట్టుకున్నాను. పుస్తకాన్ని కోసి పంచినవాళ్ళను ఎరగను. చించినవాణ్ణి దొంగ అంటారు, వీళ్ళను ఏమనాలో కూడా నాకు తెలియలేదు. క్లాసును పిలిపించాను. దాచుకోకుండా వచ్చారు. గుంపులుగా నిలబడ్డారు, గుంపుకో కాగితాల కట్ట. ప్రతి కట్ట కిందా అడ్డాకు.

"ఎవరు చేశారిది?"

"అందరం, సార్," అంది రింగుల పిల్ల. "కుట్టు ముందే వదులైపోనాది. బ్లేడుతో దారం కోసినాం. కాగితం ఒక్కటి కూడా సినగలేదు, సూసుకోండి."

"పుస్తకాన్ని కొయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ సెప్పలేదు సార్. పండగలో వేట కొడితే ఊరంతటికీ వాటాలేస్తాం. ఒకటే జంతువు ఉంటే ఏటి సేస్తాం? అందరికీ ఒక్కో ఆకులో పెడతాం. ఇప్పుడు అడివిలో ఏటీ దొరకదు, సంతలో మేకని కొంటాం. వాటాలు మాత్రం అలగే. పండగలో కూకుని వాటాలేస్తుంటే అనుకున్నాం, పుస్తకం కూడా ఒకటే కదా అని."

ఒక్కో గుంపూ తన భాగాన్ని పూర్తిగా నేర్చుకుంటుంది. నేర్చుకుని మిగతా గుంపులకు చెబుతుంది. తన వంతు చెప్పకపోతే ఊరందరినీ పస్తు పెట్టినట్టే. అది వాళ్ళ ఏర్పాటు.

లెక్చరరమ్మాయి నా పక్కన నిలబడి ఉంది. ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. మొహం పాలిపోయింది, అయినా ఆ పిల్లను వారించలేదు.

"మరి నా రాతబల్ల మీద పెట్టినదేమిటి?" అన్నాను. పారెయ్యమని పెట్టారనుకున్నాను.

"అది మీ వాటా, సార్."

"నేను మీ క్లాసు కాదు. వేటకు రాలేదు."

"వేటకి రానోళ్ళకి కూడా వెయ్యాల సార్. ముసిలోళ్ళకి, జొరమొచ్చినోళ్ళకి, కొత్తగా ఊళ్ళోకొచ్చినోళ్ళకి. ఇల్లుంటే వాటా ఉంటాది." హాలు చుట్టూ ఒకసారి చూసి, "మీరు రోజూ ఇక్కడే ఉంటారు కదా," అంది.

అనాల్సింది చాలా ఉంది. నష్టపరిహారం, ఫిర్యాదు, కాంట్రాక్టు లెక్చరరు మీద నివేదిక. అలాంటివి అప్పటికప్పుడే అనెయ్యాలి, ఆలస్యమైతే నోట్లోనే ఉండిపోతాయి. నేను ఆలస్యం చేశాను. ఈలోగా నా కాగితాలు తిరగేశాను. నా వాటాలో వచ్చింది జమీందారీల రద్దు.

"దీన్ని నాకు కావాలని వేశారా?" అని అడిగాను.

"సీటీలు రాసి తీసినాం సార్," అంది రింగుల పిల్ల. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అందరూ ప్రమాణం చేశారు. ఈనాటి వరకూ నాకు సందేహమే.

ఆ సాయంత్రం అటెండరు జిగురు, దారం, దబ్బనం తెచ్చాడు. "కమిటీవోళ్ళు వచ్చీ లోపల అంతా కలిపి కుట్టీద్దారి బాబుగారూ. పైన అట్ట అంటించేత్తే ఎవలికి తెలుత్తాది?" అన్నాడు.

మంచి సలహా. చిన్నప్పుడు మా దివాణంలో బైండింగుకు వచ్చే ముసలాయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఒక గంటలో పుస్తకం పుస్తకంలాగే ఉండేది. కలిపి కుడితే మాత్రం క్లాసు మళ్ళీ ఒక పుస్తకం చుట్టూ వెనక వరసలో పడుతుంది. మిగిలిన రోజులు దానికి చాలవు. నేను దబ్బనం తీసుకుని ఒక్కో వాటాను విడివిడిగా కుట్టాను. ఒక్కోదానికి క్యాలికో గుడ్డ అంటించి, అట్ట వేశాను. అటెండరు గాలికి ఆరబెడుతూ, "పుస్తకం ఒకటి పోయి పిల్లలు పెట్టినాది," అన్నాడు.

ఆ తర్వాత శుక్రవారం ఒక్కరోజు సరిపోలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చేవారు. ఒక గుంపు బల్ల తలవైపు, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి చాపల మీద, ఒకటి వరండాలో. ఒక గుంపు తన వాటా చెబుతుంటే మిగతావి ఆపి వినేవి. చెప్పినవాళ్ళను ప్రశ్నలతో ఏడిపించేవి. తమ వంతు వస్తే వాళ్ళు అంతకంతా తీర్చుకునేవారు. ఆ గోలలో నాకు ఒకటి అర్థమైంది. గోలకూ చదువు గోలకూ తేడా దూరం నుంచి తెలియదు, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

"మీ వంతు ఎప్పుడు సార్?" అని రింగుల పిల్ల అడిగేది.

"నాది చివరి భాగం. చివర్లో చెబుతాను."

వారం తర్వాత మళ్ళీ అడిగేది. నాకు పని ఉండేది. కాగితాలు మాత్రం ఇంటికి తీసుకెళ్ళి చదివాను. మా ఇంటి చరిత్రను పరాయివాళ్ళు ఇంత కురచగా రాశారేమిటని కోపం కూడా తెచ్చుకున్నాను. చెప్పడం మాత్రం వాయిదా వేశాను. వాళ్ళ ముందు నిలబడి ఆ మాటలు నా నోటితో ఎలా అనాలో తెలియలేదు.

కమిటీ రానే వచ్చింది. ముందు రోజు ప్రిన్సిపాల్ గారు శాలువాతో లైబ్రరీలోకి వచ్చి, "రేపు ఒక్కరోజు మీ పాత లైబ్రరీ కావాలండీ. చీమ చిటుక్కుమనకూడదు," అన్నారు. పిల్లలకు చెప్పాను. నా మాట విన్నారు. వాళ్ళు నా మాట విన్న రోజు అదొక్కటే, అదే కొంప ముంచబోయింది.

కమిటీకి పెద్ద ఒకావిడ. నెరిసిన జుట్టు, నూలు చీర, ఎవరినీ తొందరపెట్టని చూపు. లోపలికి వచ్చేసరికి అందరూ బల్ల చుట్టూ బొమ్మల్లా కూర్చుని పుస్తకాల్లోకి చూస్తున్నారు. ఆవిడ ఒక పిల్ల భుజం మీదుగా వంగి చూసింది. పక్క పిల్ల దగ్గర చూసింది. రెండు కట్టలూ తీసి కలిపి పట్టుకుంది.

"ఇవి ఒకే పుస్తకం ముక్కలు. ప్రభుత్వ పుస్తకాన్ని ఎవరు కోశారు?"

లెక్చరరమ్మాయి లేవబోయింది. నేను అప్పటికే నిలబడి ఉన్నాను. నేను కూర్చోవడం ఎప్పుడూ తక్కువే.

"కుట్టింది నేను, అమ్మా. ఇక్కడ ఈ పుస్తకం ఇలాగే ఉండాలి."

"ఎందుకుండాలి?"

"నేను చెప్పడం కన్నా మీరు వాళ్ళను అడగటం మేలు."

ఆవిడ ఒక పిల్లను ఒక ప్రశ్న అడిగింది. పిల్ల నా వైపు చూసింది. ఇవాళ మాట్లాడవచ్చా అని. తల ఊపాను. చెప్పింది. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "అది కిటికీ దగ్గరోళ్ళ వాటా మేడమ్, మాకు సెప్పినారు," అని దానికీ చెప్పింది. కిటికీ దగ్గరివాళ్ళు ఊరుకోలేదు. "అలగ కాదు, సగమే సెప్పినాది," అంటూ మొదలుపెట్టారు. చాపల మీదివాళ్ళు అందుకున్నారు. రెండు నిమిషాల్లో హాలు రోజూ ఉన్నట్టే అయింది. ప్రిన్సిపాల్ గారు శాలువా కొసతో నుదురు తుడుచుకున్నారు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు ఆవిడ అడిగింది: "సరే. జమీందారీలు ఎందుకు రద్దు చేశారు? దాని వల్ల ఎవరికి ఏం జరిగింది?"

హాలు మళ్ళీ బొమ్మల కొలువైపోయింది. అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"అది దివాణం సారు వాటా మేడమ్," అంది రింగుల పిల్ల. "సారు ఇంకా సెప్పలేదు. ఆయన సెప్పకపోతే మాకెవలికీ రాదు."

నా మొహం మీద ఆ పేరు పలకడం అదే మొదటిసారి. అటెండరు దగ్గాడు. లెక్చరరమ్మాయి నా వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె గ్రూపు, ఆ పిల్లల చదువు, అన్నీ వచ్చి నా ఆకులో పడ్డాయి.

బల్ల తలవైపు వెళ్ళి నిలబడ్డాను. తాతగారు కూర్చునే చోటు. కాగితాలు చూడకుండా చెప్పాను. శిస్తు ఎలా పెంచారో, రైతు భూమి మీద రైతుకు హక్కు లేకపోవడం ఏమిటో, రద్దు చట్టం వచ్చాక ఊళ్ళు ప్రభుత్వం కిందికి ఎలా వచ్చాయో, ఎవరికి పరిహారం దక్కిందో. లైబ్రరీలో నేను అంత గట్టిగా మాట్లాడటం నాకే కొత్తగా ఉంది. బాగానే చెప్పాను. ముగించి కూర్చోబోయాను.

"సార్," అంది రింగుల పిల్ల. "మా అవ్వ వెట్టి అని ఒకటి సెప్పీది. అది మీ వాటాలో లేదా?"

ఉంది. మూడో కాగితంలో ఉంది. దాటేసి వచ్చాను.

"ఉంది," అన్నాను. మళ్ళీ నిలబడి చెప్పాను. కొండ ఊళ్ళవాళ్ళు కింది దివాణాలకు కూలి లేకుండా పని చెయ్యాలి. కట్టెలు, తేనె, కోళ్ళు అడిగినప్పుడు తెచ్చి ఇవ్వాలి. పెద్దవాళ్ళు ఘాట్ ఎక్కితే పల్లకీ మొయ్యాలి.

"మీ తాతగారు ఎక్కీవారా సార్?"

"ఎక్కేవారు."

చాపల గుంపులోంచి ఒక గుంటడు మెల్లగా, "అందుకే ఈ బల్ల అంత బరువున్నాదన్నమాట," అన్నాడు.

ముందు లెక్చరరమ్మాయి నవ్వింది. మోసిన మనిషి కదా. తర్వాత అందరూ నవ్వారు. కమిటీ ఆవిడ కూడా కళ్ళజోడు తీసి నవ్వింది. "బరువు టేకుది," అన్నాను నేను. దానికి ఇంకా నవ్వారు. ఈసారి ఎవరినీ బయటికి పంపలేదు.

వెళ్ళేముందు ఆవిడ నా వాటా తీసుకుని కుట్టు పరీక్షగా చూసి, "చక్కగా కుట్టారు," అంది. మిగతాది వేసవి సెలవుల్లో తెలిసింది. పరీక్షల్లో పిల్లలు గండం గట్టెక్కారు. గ్రూపు ఉంచారు. ఉంచుతూ, ఫలితాలు ఏటేటా చూస్తామని బెదిరించారు కూడా. లెక్చరరమ్మాయి ఇంకా అక్కడే ఉంది, ఇంకా కాంట్రాక్టే.

ఆ తర్వాత 'నిశ్శబ్దం' బోర్డు తీసెయ్యలేదు. ఉదయం తగిలించేవాణ్ణి, మధ్యాహ్నం తిప్పి పెట్టేవాణ్ణి. చక్రాల బల్లల గురించి అడిగే పిల్లలకు నేను చెప్పగలిగే వాస్తుశాస్త్రం అంతే. ఒంటరిగా చదువుకునేవాడికి ఒక పూట, కలిసి చదివేవాళ్ళకు ఒక పూట. వచ్చే తరగతికి వాళ్ళకు వీలైన రోజు. పైకి చదివే గుంపుకు, వినే గుంపుకు మధ్య కాస్త దూరం. ముఖ్యంగా, గుంపుకో పని, ఆ పని మిగతావాళ్ళకు అవసరం కావాలి. గది ఎలా ఉన్నా ఫరవాలేదు. మీరు మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోకండి. వాళ్ళు మీకూ ఒక పని పెడతారు, చెయ్యండి.

నేను రిటైరై ఘాట్ దిగి, శృంగవరపుకోటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. లైబ్రరీకి కొత్త పుస్తకాలు సరిపడా వచ్చాయి, ఇప్పుడు ఎవరూ ఏదీ కొయ్యనక్కర్లేదు. అయినా ఏటా ఇటుకల పండగ అయ్యాక, కొండ మీంచి దిగే బస్సులో ఎవరో ఒకరు వచ్చి నా చేతికి అడ్డాకు ఇచ్చి వెళ్తారు. అందులో ఏదో ఒక పాఠం జిరాక్స్ కాగితాలు ఉంటాయి. మొదటి ఏడు వచ్చినప్పుడు, ఆ తెచ్చిన పిల్లను నిలబెట్టి అడిగాను, నాకు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ కాగితాలు వేశారా అని. వయసుకో, వంశానికో గౌరవమిచ్చి ఉంటారేమోనని.

"ఎందుకేస్తాం సార్?" అంది ఆ పిల్ల ఆశ్చర్యంగా. "ఇంటికి ఒకటే కదా."

ఈ ఏడు నాకు కొండ ఊళ్ళకు రోడ్లు పడిన పాఠం వచ్చింది. చదవడం అయింది. వచ్చే శుక్రవారం పైకి వెళ్ళి చెప్పడం నా వంతు. సంత బస్సులో సీటు దొరకదు, మూటల మధ్య ఘాటంతా నిలబడే వెళ్ళాలి. మా తాతగారు ఆ ఘాట్ వాళ్ళ తాతల భుజాల మీద ఎక్కారు. నేను నిలబడి ఎక్కుతాను. ఎవరూ అడగకపోయినా, వెన్ను నిటారుగానే పెట్టి ఎక్కుతాను.